తమ చేతులతో తమ యిల్లు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలనిరి. ఐనను మనలో పెక్కురము “ఇల్లు కట్టితిమి” అన్నప్పుడు, కట్టించితిమనియే దానికర్థము. పునాది త్రవ్వినవారు కూలివారు. గోడ లేపినవాడు తాపీమేస్త్రి. తలుపులు బిగించినవాడు వడ్రంగి. యజమాని చేసినది డబ్బు చెల్లించుట, దగ్గర నిలిచి చూచుట. ఎన్నడును తాపీ పట్టి యెరుగని కుటుంబము తన యింటిని తానే కట్టుకొనగలదా? ఈ ప్రశ్నకు లండను నగరమున లభించిన సమాధానమొకటి కలదు. దానిని మేమిచ్చట వివరింపదలచితిమి.

వాల్టర్ సీగల్ అను వాస్తుశిల్పి 1907లో బెర్లిను నగరమున జన్మించి, తరువాత ఇంగ్లండులో స్థిరపడెను. 1960వ దశకపు తొలి సంవత్సరములలో ఆయన ఉత్తర లండనులోని హైగేటున తన పాత యింటి స్థానమున క్రొత్త యింటిని కట్ట సంకల్పించెను. అంతవరకు కుటుంబము తలదాచుకొనుటకై తోటలో నొక తాత్కాలిక గృహమును లేపెను. దానికి పట్టిన కాలము రెండు వారములు. అయిన వ్యయము సుమారు 800 పౌనులు. తాత్కాలికమనుకొన్న ఆ యిల్లు దశాబ్దములపాటు నిలిచెను. చూచినవారు తమకును అట్టి యిల్లే కావలెనని అడుగసాగిరి.

ఆ యింటిలోని కిటుకు చాల సులభమైనది. గృహనిర్మాణములో క్రొత్తవారికి కష్టమైన పనులేవో, వానిని ఆయన ఒక్కొక్కటిగా తొలగించెను.

మొదటిది తడిపని. అడుసు కలుపుట, ఇటుక పేర్చుట, గోడకు నునుపుగా పూత పూయుట మొదలగు పనులు ఏండ్ల తరబడి అభ్యసించినగాని చేతికి రావు. సీగల్ ఇంటిలో కొయ్య స్తంభములను, దూలములను మరబోల్టులతో బిగింతురు. వంకరగా లేచిన గోడను పడగొట్టవలసినదే గాని, తప్పుగా బిగించిన బోల్టును విప్పి మరల బిగింపవచ్చును.

రెండవది కోతపని. పలకలు అంగడిలో ఏ కొలతలో దొరకునో, ఆ కొలతకే ఇంటి పటమును గీయుదురు. పలక వెడల్పు రెండడుగులైనచో, గది కొలత ఆ రెండడుగుల లెక్కలోనే నడచును. అందుచే రంపముతో పని తగ్గును, వృథాయు తగ్గును.

మూడవది నేలను చదును చేయుట. గోడ పొడవునా పునాది త్రవ్వుటకు మారుగా, స్తంభము నిలుచు చోటనే చిన్న గుంట తీసి కాంక్రీటు దిమ్మ వేయుదురు. నేల పల్లముగా నున్నచో స్తంభమును పొడవు చేసిన చాలును.

ఇంటి బరువంతయు స్తంభములే మోయును, గోడలు మోయవు. కావున ముందుగా పైకప్పు వేసికొని, దాని నీడను మిగిలిన పని చేసికొనవచ్చును. ఇది మన పల్లెవారికి క్రొత్త సంగతి కాదు. నిట్రాళ్లు పాతి, దూలమెత్తి, వాసములు కట్టి, కప్పు కప్పిన పిమ్మట చుట్టును తడికలు కట్టు పాకలలో నున్న సూత్రము ఇదియే. ఇరుగుపొరుగువారు వచ్చి దూలమునకు చేయి వేయుటయు మనమెరిగినదే.

ఈ పద్ధతికి అసలైన పరీక్ష ఆగ్నేయ లండనులోని లూయిషాము పురపాలక సంస్థలో జరిగెను. వాలుగా నుండి సంస్థకు ఉపయోగపడని స్థలములు కొన్ని అచ్చట మిగిలియుండెను. ఇండ్లకై జాబితాలో పేర్లు వ్రాయించుకొని వేచియున్న కుటుంబములకు వాని నిచ్చి, స్వయముగా కట్టుకొననిత్తమా అను ప్రతిపాదన 1976లో వచ్చెను. ఒక్క వోటు ఆధిక్యముతో అది నెగ్గెను. పిమ్మట అనుమతులకే సంవత్సరములు గడచెను. ఆ కుటుంబములు సాయంకాలపు తరగతులలో పటము చదువుట, పనిముట్లు పట్టుట నేర్చుకొనిరి. ఎవరి యిల్లు వారే కట్టుకొనిరి. చట్రములను నిలువనెత్తునాడు మాత్రము అందరును కూడిరి. మొదటి విడతలో 14 ఇండ్లు, రెండవ విడతలో 13 ఇండ్లు లేచెను. రెండవ విడత ముగియకమునుపే, 1985లో, సీగల్ కన్నుమూసెను. సీగల్ క్లోజ్, వాల్టర్స్ వే అను రెండు వీథులు ఆయన పేర వెలసినవి.

అట్టి కొయ్య యిండ్లనే మనమును కట్టవలెనని మేము చెప్పము. మనకు చెదల భయము కలదు. కలప వెల హెచ్చు. తీరమున తుపానుల బెడద వేరు. గ్రహింపదగినది సూత్రము. తొమ్మిదంగుళముల యిటుకతో కట్టునప్పుడు, సున్నపు సందును చేర్చి గది కొలతను ఇటుకల లెక్కకు సరిపెట్టినచో ముక్కలు కొట్టు పని తగ్గును. మూలమట్టము చూచుటకు ఒక వైపు మూడడుగులు, రెండవ వైపు నాలుగడుగులు కొలిచి గుర్తు పెట్టుడు. ఆ గుర్తుల నడుమ దూరము సరిగా అయిదడుగులున్నచో మూల సరియైనది. నీరు నింపిన పారదర్శకపు గొట్టముతో ఇంటి నాలుగు మూలల మట్టమును ఎవరైనను చూడగలరు. సిమెంటు కట్టడమును కనీసము ఏడు దినములు తడుపుటకు నేర్పు అక్కరలేదు, శ్రద్ధ చాలును. ఆ శ్రద్ధ కూలివానికంటె గృహస్థునికే హెచ్చుగా నుండును.

కొన్ని పనులను మాత్రము తెలిసినవారికే విడువవలెను. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొనును; అచ్చట పునాదిని ఇంజనీరు సలహా లేక వేయరాదు. స్లాబు, విద్యుత్తు తీగెలు కూడ అట్టివే. ఈ మూడింటిలో పొరపాటు ప్రాణములకు చేటు.

చేతిలో డబ్బు లేని కుటుంబమునకు శ్రమయే మూలధనము. ఐనను స్థలము, ఋణము, అనుమతి లేనిదే ఆ శ్రమ ఇల్లుగా మారదు. లూయిషాములో కుటుంబములు చేతులు చాచి సిద్ధముగా నుండినవి. వారికి తలుపు తెరచినది సభలో దొరికిన ఆ యొక్క వోటు. మన పురపాలక సంఘములలో కూర్చుండు పెద్దలు దీనిని గమనింతురు గాక.