మనిషి లేని కొట్టు, మీటరు మందం గోడలు: బటానెస్‌లో ఒక రోజు

ఫిలిప్పీన్స్ అనగానే మనకి గుర్తొచ్చేవి బీచ్‌లు, లేదంటే అక్కడ ఎంబీబీఎస్ చదివే కజిన్. ఈరోజు ఆ రెండూ కాదు. ఆ దేశానికి ఉత్తరం కొసన బటానెస్ అని దీవుల ప్రావిన్స్ ఉంది. దేశం మొత్తంలో అన్నిటికంటే చిన్న ప్రావిన్స్ ఇదే. 2020 లెక్కల్లో జనాభా 19 వేల లోపే. అక్కడివాళ్లని ఇవతాన్‌లు అంటారు.

మనీలా నుంచి బాస్కోకి ఫ్లైట్, అక్కడి నుంచి రోడ్డు మీద ఇవానా అనే చిన్న ఊరు. పక్కనున్న సబ్తాంగ్ దీవికి పడవలు ఇక్కడి నుంచే వెళ్తాయి. రేవు దగ్గర ఒక కొట్టు ఉంది, పేరు ఆనెస్టీ కాఫీ షాప్. లోపల ఓనర్ లేడు, సీసీ కెమెరా కోసం చూశా, కనపడలేదు. సరుకుల మీద రేట్లు రాసుంటాయి. తీసుకున్నది పుస్తకంలో రాసి, డబ్బులు డబ్బాలో వెయ్యాలి. అంతే.

ఫ్లాస్కులో వేడినీళ్లు పోసుకుని, 25 పెసోల కాఫీ తాగేశాక జేబు చూసుకున్నా. ఒకటే 1000 నోటు! చిల్లర ఇవ్వడానికి మనిషి లేడు, ఫోన్‌లో పే చేద్దామంటే సిగ్నల్ లేదు. బయట పడవ వాళ్లు పిలుస్తున్నారు. నిజం చెప్తున్నా, వెళ్లిపోతే ఎవరికి తెలుస్తుందిలే అని ఒక్క క్షణం అనిపించింది. పుస్తకంలో పేరు రాసి, "25 బాకీ, సాయంత్రం ఇస్తా" అని ఇంగ్లిష్‌లో రాసి పరుగెత్తా.

ఆ పడవని ఫలువా అంటారు. ఫిలిప్పీన్స్ పడవలకి మామూలుగా రెండు పక్కలా వెదురు బొంగులు కట్టి ఉంటాయి కదా, దీనికి ఉండవు. ఇక్కడి అలలకి అవి నిలవవు. సముద్రం రఫ్‌గా ఉంటే పడవలు ఆపేస్తారు. అంటే తిరిగొస్తానన్న గ్యారంటీ నాకే లేదు!

సబ్తాంగ్‌లో సవిడుగ్, చవయాన్ ఊళ్లు చూస్తే విషయం అర్థమైంది. ఇళ్ల గోడలు రాయి, సున్నంతో కట్టారు, దాదాపు మీటరు మందం. పైకప్పు మన రెల్లుగడ్డి లాంటి కోగాన్ గడ్డి, మందంగా పేర్చి కడతారు. తుఫాను గాలి కొట్టే వైపు గోడకి కిటికీ పెట్టరు. పెద్ద తుఫాను వస్తుందంటే కప్పు మీద తాళ్ల వల వేసి బిగిస్తారు. ఆడవాళ్లు పొలానికి వెళ్లేటప్పుడు వకుల్ పెట్టుకుంటారు. వోయవోయ్ అనే చెట్టు ఆకుల పీచుతో చేసిన తలకప్పు అది. ఎండా వానా రెండూ ఆపుతుంది.

ఇంత బరువైన కప్పు ఒక్క కుటుంబం వేసుకోలేదు. అందుకే ఊరంతా వచ్చి చెయ్యి వేస్తారు, దాన్ని పయుహ్వాన్ అంటారు. ఈరోజు మీ ఇల్లు, రేపు మా ఇల్లు. మన పల్లెల్లో నాట్లకి బదులు వెళ్తారు చూడండి, అలాగన్నమాట.

కానీ గాలిని ఆపే గోడ భూకంపాన్ని ఆపలేదు. 2019 జులై 27న ఇదే ప్రావిన్స్‌లోని ఇత్బయాత్ దీవిలో తెల్లవారుజామున భూకంపం వచ్చింది. రాతి ఇళ్లు కూలి 9 మంది చనిపోయారు. మిగిలినవాళ్లు టెంట్లలో ఉండాల్సి వచ్చింది. తాతల నాటి రాతి ఇల్లా, సిమెంటు ఇల్లా అన్న ప్రశ్న అక్కడ ఫొటోల కోసం కాదు, ప్రాణాల కోసం.

కోడ్ రాసేటప్పుడు మాకు నేర్పిన మొదటి రూల్, యూజర్‌ని నమ్మొద్దు. ఇక్కడ పడవ ఆగితే సాయం వెంటనే రాదు, పక్కింటివాడే దిక్కు. ఆ పక్కింటివాడిని రోజూ నమ్మితేనే తుఫాను రోజున కూడా నమ్మగలం. ఆ కొట్టు టూరిస్టులకి సరదా, వాళ్లకి మాత్రం అలవాటు. ఇది నాకు అనిపించింది, తప్పైతే చెప్పండి.

సాయంత్రం పడవ దొరికింది. మధ్యాహ్నం భోజనం దగ్గర మార్చిన చిల్లరలోంచి 25 పెసోలు డబ్బాలో వేసి, పుస్తకంలో నా లైను కొట్టేశా. అప్పుడే వచ్చిన ఒక పెద్దావిడ అది చూసి నవ్వారు. నేను నేర్చుకున్న ఒకే ఒక్క ఇవతాన్ మాట చెప్పా, "దియోస్ మమాహెస్". థాంక్యూ అన్నమాట.

మీ ఊళ్లో ఇలాంటి కొట్టు పెడితే నడుస్తుందా? కామెంట్‌లో నిజం చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.