పిల్లవాడు ఒకడే, ఫైళ్ళు రెండు

విజయవాడ రైల్వేస్టేషనులో, రాత్రి పదిగంటలవేళ, పదేళ్ళ కుర్రవాడొకడు బెంచీమీద ముడుచుకుని పడుకున్నాడనుకోండి. "ఎవరబ్బాయివిరా?" అంటే పలకడు. బుజ్జగించి అడగ్గా అడగ్గా, నాన్న తాగివచ్చి కొడుతూంటాడనీ, అందుకే రైలెక్కేశాననీ చెబుతాడు. వాడిని బాలల గృహంలో చేరుస్తారు. అక్కడ వాడు రాత్రిళ్ళు పక్క తడుపుతాడు. అన్నంముద్ద జేబులో దాచుకుంటాడు. తోటిపిల్లవాడు భుజంమీద చెయ్యివేస్తే చటుక్కున కొడతాడు.

"పెంకివెధవ!" అని ఒక్కమాటలో తేల్చెయ్యడం మనకు అలవాటు. కాని, ఒంట్లో జబ్బేమీ లేదని వైద్యుడు చూసి చెప్పాక, ఈ మూడు చేష్టలకూ మూలం భయమే అయివుండవచ్చు.

ఇటువంటి బిడ్డకోసం మన దేశంలో రెండు ఏర్పాట్లున్నాయి. ఒకటి సంక్షేమం వైపుది. 2015 నాటి బాలల న్యాయచట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ కనీసం ఒక బాలల సంక్షేమ కమిటీ వుండాలి. అధ్యక్షులు కాక నలుగురు సభ్యులు. వారిలో ఒకరైనా స్త్రీ కావాలి. సంరక్షణ లేని బిడ్డ కనబడితే, ప్రయాణకాలం మినహాయించి, 24 గంటలలోగా ఈ కమిటీ ఎదుటికి తీసుకురావాలి. ఇంటి పరిస్థితుల విచారణ 15 రోజులలో ముగించాలి. రెండవది మానసిక వైద్యుల వైపుది. ఆస్పత్రిలో వారికి వేరే చీటీ, వేరే ఫైలు.

చిక్కంతా ఇక్కడే వుంది. వైద్యుడు వాడి భయాన్ని గుర్తించి మందో, మాటసాయమో అందిస్తూంటాడు. కాని, వచ్చేవారమే వాడిని ఆ తండ్రి ఇంటికే పంపబోతున్నారని ఆయనకు తెలియదు. కమిటీవారు తండ్రి కన్నీళ్ళు చూసి, బిడ్డను అప్పగించవచ్చునని తలుస్తారు. ఆ ఇంటి గుమ్మం తలచుకుంటేనే వాడు నిద్రలో ఉలిక్కిపడుతున్నాడని వారికి తెలియదు. ఇద్దరూ మంచివారే. ఇద్దరికీ తెలిసింది సగమే. మిగతా సగం బిడ్డ ఒంటరిగా మోయాలి. పైగా, కొత్తమనిషి వచ్చినప్పుడల్లా తన కథ మొదటినుంచీ చెప్పుకోవాలి.

ఈ రెండిటినీ కలపాలన్న ఆలోచన నేటిది కాదు. అమెరికాలోని షికాగో నగరంలో 1899లో పిల్లలకోసం ప్రత్యేక న్యాయస్థానం పెట్టారు. తీర్పు చెప్పడానికి ముందు పిల్లవాడి మనసు ఎరగాలని, 1909లో డాక్టర్ విలియం హీలీ ఆధ్వర్యాన ఆ కోర్టుకు తోడుగా ఒక క్లినిక్కు వెలిసింది. పిల్లవాడి శరీరం, బుద్ధి, ఇల్లు, వీధి అన్నీ కలిపి చూడడం దాని పద్ధతి. మన బొంబాయిలో కూడా, నేడు టాటా సామాజిక శాస్త్రాల సంస్థ అని పిలవబడే విద్యాలయం 1937లోనే పిల్లలకోసం ఇటువంటి క్లినిక్కు తెరిచింది.

ఇప్పుడు చట్టమే ఆ మాట చెబుతూంది. సంరక్షణాలయాలలోని బిడ్డలకు తిండి, బట్ట, చదువులతోపాటు, అవసరాన్నిబట్టి మానసిక చికిత్స, సలహా కూడా అందాలని 2015 చట్టంలో వుంది. ఒక్కొక్క బిడ్డకూ విడిగా సంరక్షణ ప్రణాళిక వ్రాయాలి. బాలల రంగంలో పనిచేసేవారికి తర్ఫీదు ఇచ్చేందుకు బెంగుళూరు నిమ్హాన్స్‌లో 2020లో "సంవాద్" అనే విభాగం ఏర్పడింది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం తల్లినీ మరువలేదు. ఆమె మానసిక చికిత్సాలయంలో చేరితే, బిడ్డకు ఆమెవల్ల హాని కలుగుతుందని వైద్యుడు భావిస్తే తప్ప, మూడేళ్ళలోపు బిడ్డను సాధారణంగా ఆమెనుంచి విడదీయరాదు.

మరి మన కుర్రవాడి సంగతి? విచారణ నివేదిక వైద్యుడికి అందాలి. వైద్యుడి అభిప్రాయం కమిటీకి అందాలి. బిడ్డ నమ్మి చెప్పిన ప్రతి రహస్యమూ అందరికీ చేరనక్కరలేదు. నిర్ణయానికి అవసరమైనంత చాలు. తండ్రి తాగుడుకు చికిత్స జరగాలి. తల్లితో మాట్లాడాలి. పంపిన తరువాత కూడా ఎవరో ఒకరు వెళ్ళి చూసిరావాలి. ఇల్లు భద్రం కాదని తేలితే, అక్కడికి పంపకపోవడమే మేలు.

మనమేం చెయ్యగలం? ఆపదలో వున్న బిడ్డ కంటబడితే 1098కి ఫోను చెయ్యవచ్చు. మన ఇంట్లోనే ఎవరి మనసైనా కుదుటగా లేకపోతే, 2022లో ప్రారంభమైన "టెలి మానస్" 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు. అవేవీ అక్కరలేని ఇళ్ళలో కూడా చెయ్యగల పని ఒకటుంది. పిల్లవాడు పక్క తడిపిన ఉదయాన, నలుగురిలో నవ్వులపాలు చెయ్యకుండా, దుప్పటి మార్చి, పక్కన కూర్చుని, "ఏం నాయనా, రాత్రి భయమేసిందా?" అని అడగడం.