ఊపిరిని మించిన ఊపు: కారుకు సూపర్‌చార్జరు బిగిస్తే ఏమవుతుంది?



మన మాధవరం వైపు నివసించే వారికి ఇంజన్ల చప్పుడు కొత్త కాదు. ఒక పక్క లారీల టెర్మినల్, మరో పక్క 2018 నుంచి ఆంధ్ర బస్సులు బయలుదేరే బస్ స్టాండు, మధ్యలో నెల్లూరు వైపు సాగిపోయే జి.ఎన్.టి. రోడ్డు. ఆ రోడ్డు మీద రెడ్‌హిల్స్ దాటి కొంచెం ముందుకు పోతే షోళవరం. రెండవ ప్రపంచ యుద్ధ కాలం నాటి విమానాల రన్‌వే మీద అక్కడ 1950ల నుంచి కార్ల పందేలు జరిగేవి. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో కొత్త ట్రాకు వచ్చాక ఆ సందడి అటు మళ్ళింది. పందెం మళ్ళింది గాని, మామూలు కారును పందెం కారుగా మార్చాలన్న కుర్రవాళ్ళ ముచ్చట మాత్రం తగ్గలేదు. ఆ ముచ్చటలో ఒకటి సూపర్‌చార్జరు. కంపెనీ బిగించి ఇచ్చినది కాదు, బయట కొని షెడ్డులో బిగించుకునేది. దాన్ని గురించి ఈ నాలుగు మాటలు.

ముందుగా, సూపర్‌చార్జరు అంటే ఏమిటి? మన ఊళ్ళలో కమ్మరి కొలిమి చూసిన వారికి ఈ సంగతి సులువుగా బోధపడుతుంది. బొగ్గులు వాటంతట అవి కూడా మండుతాయి. కాని తిత్తి ఊదితే గాలి ఎక్కువగా అంది, మంట భగ్గుమంటుంది. కారు ఇంజనుకు సూపర్‌చార్జరు అలాంటి తిత్తే. మామూలు ఇంజను పిస్టన్ కిందికి దిగినప్పుడు బయటి గాలిని తానే పీల్చుకుంటుంది. సూపర్‌చార్జరు ఉన్న ఇంజనులోకి గాలిని బలవంతంగా కుక్కుతారు. ఎక్కువ గాలి, దానికి తగినట్టు ఎక్కువ పెట్రోలు, అందువల్ల ఎక్కువ శక్తి. సూత్రం ఇంతే.

తిత్తి పోలిక కేవలం పోలిక కాదు, చరిత్ర కూడా అదే. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్ అనే ఊళ్ళో రూట్స్ సోదరులు 1860లో గాలిని తోసే ఒక యంత్రానికి పేటెంటు పొందారు. రెండు రోటర్లు ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతూ గాలిని నెట్టే ఆ యంత్రాన్ని ఇనుము కరిగించే కొలుములకూ, గనులలోకి గాలి పంపడానికీ వాడారు. 1885లో జర్మనీకి చెందిన గాట్లీబ్ డైమ్లర్ ఇంజనులోకి గాలిని ఒత్తిడితో పంపే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1921లో మెర్సిడెస్ వారు సూపర్‌చార్జరు గల కార్లను అమ్మకానికి చూపించారు. విమానాలలో దీని అవసరం మరీ ఎక్కువ. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది గదా!

ఇక్కడ టర్బో అనే మాట కూడా మీకు గుర్తుకు రావచ్చు. అదీ గాలిని కుక్కేదే. టర్బో పొగగొట్టం లోంచి పోయే వేడి పొగతో తిరుగుతుంది. సూపర్‌చార్జరు మాత్రం ఇంజను క్రాంక్‌కు బెల్టుతో కట్టబడి తిరుగుతుంది. అంటే అది ఇచ్చే శక్తిలో కొంత ముందుగా తానే తినేస్తుంది.

మరి కంపెనీ కార్లలో ఏళ్ళ తరబడి పనిచేసే వస్తువు, బయట బిగిస్తే ఎందుకు మొరాయిస్తుంది? అసలు ప్రశ్న ఇదే.

మొదటి కారణం వేడి. సైకిలుకు గాలి కొట్టినప్పుడు పంపు అడుగు భాగం పట్టుకుని చూడండి, చేయి చురుక్కుమంటుంది. గాలిని అదిమితే వేడెక్కడం ప్రకృతి ధర్మం. బయట 35 డిగ్రీల ఎండ ఉందనుకుందాం. ఆ గాలిని మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు అదిమితే, సాధారణ రకం సూపర్‌చార్జరులో అది సుమారు 95, 100 డిగ్రీలకు చేరుతుంది. దాదాపు నీళ్ళు మరిగే వేడి! అది మద్రాసు కత్తిరి ఎండల్లో, ట్రాఫిక్‌లో నిలబడిన కారులో అయితే చెప్పనక్కరలేదు. ఆ గాలిని చల్లబరచడానికి ఇంటర్‌కూలర్ అనే మరో పరికరం కావాలి. ధర తగ్గించడానికి చాలామంది మొదట వదిలేసేది దాన్నే.

రెండవ కారణం నాకింగ్. వేడి గాలి, పెట్రోలు కలిసి సిలిండరులో ఇరుక్కున్నప్పుడు, ప్లగ్గు నిప్పురవ్వతో మొదలైన మంట అంతా వ్యాపించక ముందే, మిగిలిన మిశ్రమం ఒక మూల తనంతట తాను పేలుతుంది. సుత్తితో కొట్టినట్టు టకటకమని శబ్దం వస్తుంది. ఆ సుత్తి దెబ్బ పడేది పిస్టన్ నెత్తిన. దీన్ని తట్టుకునే గుణాన్ని ఆక్టేన్ సంఖ్యతో కొలుస్తారు. మన దేశంలో సాధారణ పెట్రోలుకు చాలా ఏళ్ళు కనీస ఆక్టేన్ 91గా ఉండేది. విదేశాలలో 95, 98 ఆక్టేన్ పెట్రోలుకు సరిపడా సర్ది పెట్టిన కిట్టును తెచ్చి ఇక్కడ బిగిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. కంపెనీ వారు సూపర్‌చార్జరు పెట్టదలచుకుంటే, సిలిండరులో కంప్రెషన్ నిష్పత్తిని ముందే అందుకు తగినట్టు నిర్ణయిస్తారు. గట్టి పిస్టన్లు వేస్తారు. మన కారు ఇంజను అలాంటి భారం కోసం పుట్టినది కాదు.

మూడవది పెట్రోలు పాళ్ళు. ఒక కిలో పెట్రోలు సరిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి పెరిగి పెట్రోలు పెరగకపోతే మిశ్రమం పలచబడి, వేడి ఇంకా పెరుగుతుంది. ఈనాటి కార్లలో ఈ పాళ్ళను కంప్యూటరు చూస్తుంది. దాని లెక్కలు పాత ఇంజనుకు రాసినవి. వాటిని తిరిగి రాయాలి, ఇంజెక్టర్లు మార్చాలి, పంపు చాలుతుందో లేదో చూడాలి. ఇది రోజుల తరబడి కొలతలు తీసుకుంటూ చేయవలసిన పని. సాయంత్రానికి బిగించి తాళం చేతికిచ్చే పని కాదు.

ఇలాంటి కిట్టు బిగించుకున్న యజమానుల అనుభవాలు వింటే, ఊరు వేరైనా వరుస మాత్రం దాదాపు ఒక్కటే. మొదటి వారం ఆనందమే ఆనందం. కాలు పెడితే బండి ఎగిరిపోతుంది. కొన్నాళ్ళకు బెల్టు కీచుమంటుంది. అది జారుతోందని గట్టిగా బిగిస్తారు. అప్పుడు పుల్లీ బేరింగుల మీద భారం పడుతుంది. సూపర్‌చార్జరు సీలు అరిగితే దాని ఆయిలు ఇంజనులోకి పోయి నీలం పొగ వస్తుంది. తరువాత క్లచ్చు జారుతుంది, ఎందుకంటే అది పాత శక్తికి తగిన క్లచ్చు. ఆపైన రేడియేటరులో నీళ్ళు తగ్గడం మొదలవుతుంది. హెడ్ గ్యాస్కెట్ కాలి, నీళ్ళూ ఆయిలూ కలిసి, డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు పాలు కలిపిన కాఫీలా కనిపిస్తుంది. ఇక ఇంజను దించవలసిందే.

మా బడిలో చదువుకుని, ఇప్పుడు షెడ్డు నడుపుతున్న ఒక అబ్బాయి నాతో ఇలా అన్నాడు: "సార్, కిట్టు బిగించమని వచ్చేటప్పుడు నలుగురు స్నేహితులతో వస్తారు. ఇంజను దించడానికి వచ్చేటప్పుడు వాళ్ళ నాన్నగారు ఒక్కరే వస్తారు." ఆ మాటలో ఎంతో అర్థముంది. కారు పిల్లవాడిదే అయినా, నెలనెలా బ్యాంకు వాయిదా చాలా ఇళ్ళలో తండ్రి జీతంలోంచే పోతుంది.

ఇదంతా కొత్త తరం తొందరపాటు అనుకోకండి. తొంభై ఏళ్ళకు పైగా క్రితమే ఇంగ్లండులో పెద్దవాళ్ళు ఈ పాఠం నేర్చుకున్నారు. బెంట్లీ కంపెనీ స్థాపకుడు డబ్ల్యు.ఓ. బెంట్లీ సూపర్‌చార్జర్లకు ఇష్టపడలేదు. శక్తి కావాలంటే ఇంజనే పెద్దది చేయాలని ఆయన వాదం. కాని ఆయన జట్టులోని పందెగాడు టిమ్ బిర్కిన్ వినలేదు. ఆమ్హర్స్ట్ విలియర్స్ అనే ఇంజనీరు రూపొందించిన సూపర్‌చార్జరును నాలుగున్నర లీటర్ల బెంట్లీకి పెట్టించాడు. డొరొతీ పాజెట్ అనే సంపన్నురాలు డబ్బు సమకూర్చింది. బండి వేగానికి లోకం విస్తుపోయింది. అదే ఏడు, అంటే 1930లో, ఫ్రెంచి గ్రాండ్ ప్రీలో బిర్కిన్ రెండవ స్థానం కూడా తెచ్చుకున్నాడు. కాని 24 గంటలు నడిచే లెమాన్ పందెంలో ఆ సూపర్‌చార్జరు బెంట్లీలు గమ్యం చేరలేదు. గెలిచింది ఎవరు? సూపర్‌చార్జరు లేని, పెద్ద ఇంజను గల బెంట్లీ స్పీడ్ సిక్స్. ఒక గంట పరుగు వేరు, ఇరవై నాలుగు గంటల పరుగు వేరు. మన కుటుంబం కారు పరుగు ఇరవై నాలుగు గంటలది కూడా కాదు, పది పన్నెండేళ్ళది. పందెం ఇంజనును పందెం కాగానే విప్పి చూసుకుంటారు. మనం మూడు నెలలకొకసారి ఆయిలు చూడడానికే బద్ధకిస్తాం.

ఇక మరో రకం ఉంది. ఇది చౌక రకం. గాలి గొట్టంలో ఒక చిన్న విద్యుత్ ఫ్యాను పెట్టి, దాన్నే ఎలక్ట్రిక్ సూపర్‌చార్జరు అని అమ్ముతారు. ఉపాధ్యాయుణ్ణి గనుక ఇక్కడ చిన్న లెక్క చేసి చూపిస్తాను. 1200 సి.సి. ఇంజను నిమిషానికి 6000 సార్లు తిరుగుతోందనుకుందాం. రెండు చుట్లకు ఒకసారి 1.2 లీటర్ల గాలి పీలుస్తుంది. అంటే నిమిషానికి 3600 లీటర్లు, సెకనుకు 60 లీటర్లు. మనం మద్రాసులో తాగే నీటి క్యాను 20 లీటర్లు. ప్రతి సెకనుకూ అలాంటి మూడు క్యాన్ల గాలి! ఆ గాలి ఒత్తిడిని ఒకటిన్నర రెట్లు చేయాలంటే 5 కిలోవాట్లకు పైగా శక్తి కావాలి. 12 ఓల్టుల బ్యాటరీ నుంచి తీయాలంటే 400 ఆంపియర్లు దాటుతుంది. మామూలు చిన్న కారు ఆల్టర్నేటరు ఇచ్చేది అందులో నాలుగోవంతు కూడా ఉండదు. సన్నని వైరుతో తిరిగే ఆ బుల్లి ఫ్యాను లాగేది ఐదు ఆంపియర్లనుకుంటే, దాని శక్తి 60 వాట్లు, మన ఇంట్లో సీలింగు ఫ్యానంత. గాలి పెంచడం అటుంచి, గొట్టానికి అదే అడ్డు. ఆడీ కంపెనీ 2016లో ఎస్.క్యూ.7 కారులో నిజంగానే విద్యుత్ కంప్రెసరు పెట్టింది. కాని అందుకోసం 48 ఓల్టుల ప్రత్యేక వ్యవస్థ, 7 కిలోవాట్ల మోటారు అమర్చింది. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నదంటే ఇదే.

ఇప్పుడు చట్టం మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని యజమాని ఇష్టమొచ్చినట్టు మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడు వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కో మార్పుకు 5000 రూపాయల జుర్మానా గాని, రెండూ గాని విధించవచ్చు. గ్యాస్ కిట్టు పెట్టించుకోవడం లేదా అని కొందరు అడుగుతారు. అది ఆమోదం పొందిన కిట్టు. రిజిస్ట్రేషను పుస్తకంలో ఎక్కుతుంది. షెడ్డులో రహస్యంగా బిగించిన సూపర్‌చార్జరుకు అలాంటి పుస్తకం లేదు. కంపెనీ వారంటీ పోతుంది. బీమా కంపెనీకి చెప్పకుండా మార్పు చేస్తే, ప్రమాదం జరిగిన రోజున పరిహారం చిక్కుల్లో పడవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది ప్రాణం. ఇంజను శక్తి పెరిగినా బ్రేకులు పాతవే, టైర్లు పాతవే. జి.ఎన్.టి. రోడ్డు మీద లారీల మధ్య దూరిపోయే బండికి, పరుగెత్తే శక్తి కంటే ఆగే శక్తి ముందు కావాలి.

అయితే శక్తి మీద మోజు తప్పా? ఎంతమాత్రం కాదు. మన మద్రాసు చుట్టుపక్కల ఎన్నో మోటారు పరిశ్రమలు వెలసింది ఇలాంటి మోజు గల ఇంజనీర్ల వల్లనే. నిజంగా బలమైన బండి కావాలంటే, కంపెనీయే టర్బో పెట్టి, పరీక్షించి, వారంటీ ఇచ్చి అమ్మే కార్లు ఈ రోజు మధ్య తరగతి ధరల్లోనే దొరుకుతున్నాయి. పందెం కావాలంటే ట్రాకు ఉంది, అక్కడ నేర్పేవారూ ఉన్నారు.

అయినా ఎవరైనా కిట్టు చూపించి ఆశ పెడితే నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది నా ఇంజను కోసమే చేసినదా? ఇంటర్‌కూలర్ ఉందా? పెట్రోలు లెక్కలు ఎవరు, ఎలా కొలిచి సరిచేస్తారు? ఇంజను పాడైతే బాధ్యత రాసి ఇస్తారా? నాలుగో ప్రశ్నకు చాలా చోట్ల జవాబు రాదు. ఉన్న బండికి సమయానికి ఆయిలు, శుభ్రమైన ఎయిర్ ఫిల్టరు, మంచి ప్లగ్గులు, టైర్లలో సరైన గాలి చూసుకోండి. పోయిన ఊపులో చాలా భాగం తిరిగి వస్తుంది. అందుకు అయ్యే ఖర్చు కూడా వందల్లోనే, వేలల్లోనే ఉంటుంది గాని లక్షల్లో ఉండదు.