గోడ నిలిచి ఉన్నంతసేపే

'ముంపు' అంటే ఏమిటో పగిడ్యాల మండలంలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. 1981లో శ్రీశైలం జలాశయం కోసం ఇటు కర్నూలు, అటు మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించి ఇళ్లు కూల్చారు. ముంపు కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ఇస్తామన్న జీవో 98 మాత్రం 1986లో వచ్చింది. ఇల్లు పోయిన ఐదేళ్లకన్నమాట. ఆ ఉద్యోగాల కోసం ధర్నాలు దశాబ్దాల పాటు సాగాయి. గోడ నిలిచి ఉన్నంతసేపే ఇంటాయనతో సర్కారు బేరమాడుతుంది. అది పడ్డాక ఆయన చేతిలో మిగిలేది అర్జీ. నగరాల్లో ఇళ్లు కూల్చడానికి వచ్చినప్పుడు జనం అడ్డం పడేది అందుకే తప్ప, అభివృద్ధి అంటే గిట్టక కాదు.

2024 సెప్టెంబరులో హైదరాబాద్ మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ బస్తీల్లో అధికారులు ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' (నదీగర్భంలోని ఇల్లన్న గుర్తు) అని రాసి వెళ్లారు. వెంటనే ఆందోళనలు మొదలయ్యాయి. మూసీ సుందరీకరణకు పరీవాహక అభివృద్ధి సంస్థను 2017లో పెట్టింది బీఆర్ఎస్ (నాటి టీఆర్ఎస్) ప్రభుత్వమే. ప్రతిపక్షంలోకి వచ్చాక ఆ పార్టీ నాయకులే బాధితుల గడపల్లో కూర్చున్నారు. గద్దె మీద సుందరీకరణ, గద్దె దిగాక పేదల గోడు: ఇది ఒక్క పార్టీ జబ్బేమీ కాదు.

ఈ ఇళ్లను నది గర్భంలో ఉండనిస్తే రేపు వరదకు ఎవరు పూచీ అంటారు. కాదనలేని మాటే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టింది ఆ దెబ్బతోనే. అయితే ప్రాణభయం నిజమైనప్పుడు తాళంచెవి ముందు చేతిలో పెట్టాలి, గడ్డపార తర్వాత దించాలి. మలక్‌పేట పిల్లిగుడిసెల డబుల్ బెడ్‌రూం ఇళ్లకు కొన్ని కుటుంబాలు అలాగే కదిలాయి. ఇల్లు కళ్లెదుట కనబడితే కదిలేవాళ్లు కదులుతారు.

పట్టా లేనివాళ్లకు హక్కేమిటన్నది ఇంకో మాట. జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో చెప్పింది. ఖాళీ చేయించడం మాత్రం తప్పనలేదు. 2024 నవంబరు 13 తీర్పులో, కూల్చే ముందు 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసింది. కానీ రోడ్డు, నది, చెరువుల్లోని అనధికార కట్టడాలకు ఆ రక్షణ లేదంది. అంటే మూసీ ఒడ్డువాళ్లకు కోర్టు గొడుగు సగమే. తక్కిన సగం వాళ్లు వీధిలో నిలబడి తెచ్చుకోవాల్సిందే.

పైగా రంగు పడేది గోడకు, మనుషులకు కాదు. ఆ గోడల మధ్య అన్నదమ్ములు రెండు పొయ్యిలు పెట్టుకుని ఉండొచ్చు. ముందు గదిలో ఓ దర్జీ బాడుగకు మిషను వేసుకుని ఉండొచ్చు. ఇంటికో ఇల్లు అన్న లెక్కలో రెండో పొయ్యి ఎక్కడికి పోవాలి? ఆ దర్జీ పేరు ఏ జాబితాలో రాస్తారు?