టామీ డగ్లసుగారి చరిత్రము

ఇంట బిడ్డకు జబ్బు చేసినపుడు తల్లికి కలుగు దుఃఖమొకటి. వైద్యునకిచ్చుటకు రొక్కము లేనపుడు కలుగు దుఃఖము వేరొకటి. ఈ రెండవదానిని తన దేశమునుండి తొలగింప బూనుకొనిన యొక క్రైస్తవ మతబోధకుని చరిత్రమును మా సోదరీమణులకు దెలుపుచున్నాము.

టామీ డగ్లసుగారు 1904లో స్కాట్లండునందలి ఫాల్కర్కు పట్టణమున జన్మించిరి. కుటుంబము 1910లో కెనడాలోని విన్నిపెగ్గు నగరమునకు వలసవచ్చెను. బాలుని కాలియెముకకు వ్యాధి సోకి ముదిరినందున, కాలు తీసివేయవలెనని వైద్యులు చెప్పిరి. అప్పుడొక శస్త్రవైద్యుడు, తన శిష్యులు చూచి నేర్చుకొనుటకు తల్లిదండ్రులు సమ్మతించినచో రుసుము లేకయే చికిత్స చేసెదననెను. కాలు దక్కెను. అయినను, ఆ దయాళువు కంటబడనిచో తన గతి యేమై యుండెడిదోయను తలపు డగ్లసుగారిని జీవితాంతము విడువలేదు.

1930లో ఆయన సస్కాచెవాను రాష్ట్రమందలి వేబర్ను పట్టణమున బాప్టిస్టు బోధకులైరి. ఆ యేడే ఇర్మా డెంప్సీగారిని వివాహమాడిరి. అవి కరవు దినములు. వైద్యుడు చేరువలేక, రొక్కమును లేక మరణించిన యిద్దరు సంసారులైన యువకులను ఆయనయే సమాధి చేయవలసివచ్చెను. ఓదార్పు మాటలు చాలవని తోచి రాజకీయములలో ప్రవేశించి, 1935లో పార్లమెంటు సభ్యులును, 1944లో రాష్ట్ర ముఖ్యమంత్రియునైరి.

1947 జనవరి 1వ తేదీనుండి, మనిషికి ఏటికి 5 డాలర్లు చెల్లించిన కుటుంబముల ఆస్పత్రి వ్యయమును ప్రభుత్వమే భరించెను. వైద్యుల రుసుమును గూడ భరించు శాసనము 1962 జూలై 1న అమలునకు రాగా, వైద్యులు 23 దినములు సమ్మె చేసిరి. అప్పటికే దేశ రాజకీయములకు మరలియున్న డగ్లసుగారిని, అంతకు కొలది దినముల ముందే రెజైనా నగరపు వోటర్లు ఓడించిరి. శాసనము మాత్రము నిలిచెను. 1966లో కెనడా పార్లమెంటు అట్టి యేర్పాటును దేశమంతటికిని అంగీకరించెను.

ఆయన దోషరహితులని మేము చెప్పము. బుద్ధిమాంద్యము గలవారికి సంతానము కలుగనీయరాదని 1933 నాటి సిద్ధాంతవ్యాసమున వ్రాసిరి. అధికారము చేతికి వచ్చినపుడు ఆ యూహను విడనాడిరి. నిజమని తోచినదానిని చెప్పుటకు మాత్రమెన్నడును వెనుదీయలేదు. 1970లో క్విబెక్కున తీవ్రవాదులు ఇద్దరిని అపహరింపగా, ప్రభుత్వము అసాధారణ నిర్బంధాధికారములు చేపట్టెను. జనులు మెచ్చిన యా చర్యను ఆయన సభలో నిలిచి యెదిరించిరి.

డగ్లసుగారు 1986లో మరణించిరి. 2004లో కెనడా ప్రజలు తమ దేశీయులందరిలో మహనీయునిగా ఆయననే వోట్లతో ఎన్నుకొనిరి. బిడ్డ ప్రాణమునకై తల్లి పరుల దయకొరకు ఎదురుచూడవలసిన పని లేకుండ జేసినవారికి ఇంతకంటె తగిన గౌరవమేమి యుండును?