వెల యిచ్చినవానికి విసుగేల?

సంతలో వెల తీర్మానమై సొమ్ము చేతులు మాఱినతోడనే బేరము ముగిసినదని పల్లెలయందు బాలురు సైతము ఎఱుగుదురు. నవీపేట వారపుసంతలో మేకను కొన్నవాడు దానిని తన యింటికి తోలుకొనిపోవును. అమ్మినవాడు మఱునాడు ఆ యింటి గడపయొద్దకు వచ్చి, ఆ మేక మెడలో తన బంధువుల దుకాణపు పలకను వ్రేలాడదీసెదనన్నచో ఊరివారెవ్వరును సహింపరు. అట్టిపనియే వీడియో ఆటల వర్తకమునందు జరుగుచుండగా, పిల్లల వ్యవహారమని పెద్దలు ఉపేక్షించుచున్నారు. ఇది పిల్లల వ్యవహారము కాదు. చెల్లించిన సొమ్మునకు దక్కవలసిన హక్కును గూర్చిన వ్యవహారము.

నవీపేటలో వ్యవసాయము చేయు మా మిత్రులొకరు వేసవి సెలవులలో కుమారుని కోరికపై ఒక ఆటను వెలయిచ్చి కొనిరి. ఉచితముగా దొరకు ఆటలలో ప్రకటనల బెడద యెక్కువయనియు, కొంత సొమ్ము పోయినను బాలుడు నెమ్మదిగా ఆడుకొనుననియు వారి తలంపు. కొన్నిదినము లట్లే గడచినవి. పిమ్మట, సవరణల పేరిట ఆ సంస్థవారు పంపిన క్రొత్త కూర్పు ఫోనులో చేరినది. నాటినుండి ప్రతి ఘట్టము ముగియగనే ఏదో యొక సరకు ప్రకటన తెరనిండ పరచుకొనుచున్నది. దానిని తొలగించు గుర్తు కనుపించుటకే కొంతసేపు వేచియుండవలెను. "వెలయు నిచ్చితిమి, ఓపికయు నిచ్చుచున్నాము. ఇక మేము కొన్నదేమి?" యని వారు మమ్మడిగిరి.

ఈ బాధ నవీపేటకే పరిమితమైనది కాదు. 2020 ఆగస్టులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అను అమెరికా సంస్థ 'యూఎఫ్‌సీ 4' అను ద్వంద్వయుద్ధపు ఆటను విక్రయమునకు పెట్టెను. సెప్టెంబరులో, పోరాటదృశ్యములను మరల చూపు సమయమున, ఒక ధారావాహిక ప్రకటన అందు ప్రత్యక్షమయ్యెను. విడుదలనాడు లేనిది, జనులు కొన్న తరువాత వచ్చినది. ఆటగాండ్రు ఎలుగెత్తి నిరసింపగా సంస్థ దానిని తొలగించెను. మఱుసటినెలలో 'ఎన్‌బీఏ 2కే21' అను బంతియాటలో, పోటీ మొదలగుటకు వేచియున్నవారికి దాటిపోవుటకు వీలులేని ప్రకటన ఎదురయ్యెను. ఆటగాండ్రకు ఇట్లు ఇబ్బంది కలిగించుట తమ యుద్దేశము కాదనియు, ముందు సరిదిద్దుదుమనియు ఆ సంస్థ చెప్పుకొనవలసివచ్చెను. కొన్నవారు నోరు తెఱచినచోట అమ్మినవారు వెనుకకు తగ్గిరి. ఇది గుర్తుంచుకొనదగిన సంగతి.

"పత్రికలును వెల గొని ప్రకటనలు వేయుచున్నవి గదా, ఈ మాట మీకు తగునా?" యని అడుగువారుందురు. న్యాయమైన ప్రశ్నయే. పత్రికను కొనువాడు అందు ప్రకటనలుండునని ముందే యెఱిగి కొనుచున్నాడు. వానివలన వచ్చు రాబడిచే పత్రిక వెల తగ్గుచున్నది. ఇష్టములేనివాడు పుట త్రిప్పినచాలును. ప్రకటన వాని చేయి పట్టుకొని ఆపదు. ముందుగా తెలుపుట, వెల తగ్గించుట, దారికడ్డము రాకుండుట — ఈ మూడును ఉన్నచోట ప్రకటనను మేము నిందింపము. ఉచితముగా ఇచ్చు ఆటలో ప్రకటనయే వెల. అదియు ఒక బేరమే. పూర్తివెల పుచ్చుకొని, చెప్పక, తరువాత జొప్పించుటనే మేము గర్హించుచున్నాము. బోధను చక్కెర కర్మాగారము 1937లో ఏర్పడినది మొదలు 2015లో మూతపడువఱకు, దానికి చెఱకు తోలిన ఈ సీమ రైతులకు కాటాచీటి విలువ తెలియును. చీటి వ్రాసిన పిమ్మట తూకమును మార్చుట యెంత అన్యాయమో, ఇదియు నంతే.

మనదేశమునందు న్యాయస్థానముల దృష్టి ఇట్టి విషయములపై పడకపోలేదు. సినిమా ఆరంభమునకు ముందు సుమారు ఇరువదియైదు నిమిషములు ప్రకటనలు చూపి కాలము వ్యర్థపఱచినందుకు, 2025 ఫిబ్రవరిలో బెంగళూరు వినియోగదారుల కమిషన్ ఒక సినిమాశాలల సంస్థపై పరిహారమును, లక్ష రూపాయల జరిమానాను విధించెను. మార్చిలో కర్ణాటక హైకోర్టు ఆ తీర్పును నిలుపుదల చేసినది. అయినను టిక్కెట్టు కొన్నవాని కాలమునకు వెల గలదను వాదము న్యాయపీఠముల యెదుటికి వచ్చుటయే ఒక మేలు. 2023 నవంబరు 30న కేంద్రప్రభుత్వము ప్రకటించిన మార్గదర్శకములలో, ఎరజూపి సరకు మార్చుట, ప్రకటనను ప్రకటనయని తెలియనీయకుండుట, పదేపదే అడ్డుపడి విసిగించుట మొదలగు పదుమూడు మోసపుపద్ధతులు నిషేధింపబడినవి. వెల గొన్న ఆటలో ప్రకటన కూడదను మాట మాత్రము అందు స్పష్టముగా లేదు. ఈ లోటును తీర్చుట ప్రభుత్వము బాధ్యత. ప్రకటనలుండునో లేదో కొనుటకు ముందే తెలుపవలెననియు, అమ్మిన పిమ్మట చేర్చినచో కోరినవారికి సొమ్ము మరలింపవలెననియు నియమము చేయవలసినదని మేము కోరుచున్నాము.

అంతవఱకు కొన్నవారు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కఱలేదు. 2019నాటి వినియోగదారుల రక్షణచట్టము ప్రకారము ఫిర్యాదిదారు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. సంస్థ యే దేశమున నున్నను, నవీపేటవాసి నిజామాబాదు కమిషనునే ఆశ్రయింపవచ్చును. చెల్లించిన వెల అయిదు లక్షలకు మించనిచో రుసుము లేదు. రెండేండ్లలోపల దాఖలు చేయవలెను. 1915 అను సంఖ్యకు ఫోను చేసినను జాతీయ సహాయకేంద్రము వారు ఫిర్యాదు స్వీకరింతురు. సొమ్ము చెల్లించిన రసీదును, కొననాడు సంస్థ చేసిన వర్ణనను, తెరపై వచ్చిన ప్రకటన చిత్రమును భద్రపఱచుకొనవలెను.

కొన్ని వందల రూపాయలకై ఇంత శ్రమ యేలయని మన పెద్దలు తలంపవచ్చును. ఆ తలంపే అమ్మువారికి పెట్టుబడి. అంగడిలో పావుసేరు తగ్గినను త్రాసును మరల తూచుమని నిలదీయుట మనవారికి అలవాటే. ఆ యలవాటును ఫోను తెరముందును విడువకుందురుగాక.