పండు తొక్క మీది కాపలా

బజారు నుంచి డజను బత్తాయిలో, కిలో ద్రాక్షపండ్లో ఇంటికి రాగానే మనలో చాలామంది చేసే మొదటి పని వాటిని కుళాయి కింద పెట్టి కడగటం. దుమ్మూ ధూళీ పోయి పండు తళతళలాడుతుంటే చూసుకుని తృప్తిపడి, బుట్టలో సర్దేస్తాం. నాలుగోనాడు చూద్దుము గదా, అడుగున ఒక బత్తాయి మెత్తబడి, చుట్టూ తెల్లటి బూజు, మధ్యలో ఆకుపచ్చ పొడి! మర్నాటికి పక్కనున్న రెండింటి పనీ అంతే. "పాతసరుకు అంటగట్టాడు" అని బండివాణ్ణి తిట్టుకుంటాం. బండివాడి తప్పు ఉంటే ఉండవచ్చు గాని, అందులో మన కుళాయికి కూడా కొంత వాటా ఉంది. అదెట్లాగో ఇవాళ చెప్పుకుందాం.

బత్తాయి, నిమ్మ, కమలా పండ్లకి పట్టే ఈ ఆకుపచ్చ బూజు పెనిసిలియం అనే జాతిది. దాని సిద్ధబీజాలు, పోనీ మనం విత్తనాలనే అనుకుందాం, కంటికి ఆనని పొడిలాగా గాలిలో ఎప్పుడూ తేలుతూనే ఉంటాయి. అయితే తొక్క గట్టిగా ఉన్న పండుని అవి ఏమీ చెయ్యలేవు. వాటికి గాయం కావాలి. కోసేటప్పుడు గోరు గీసుకున్నా, గంప ఈనె గుచ్చుకున్నా, లారీలో కుదుపుకి తొక్క చిట్లినా సరే. ఆ సందులో ఊరే రసం తాగి, విత్తనం మొలకెత్తి, దారంలాంటి వేళ్ళు లోపలికి దించుతుంది.

మరి పండ్లన్నిటికీ ఏదో ఒక గీత పడుతూనే ఉంటుంది కదా, అన్నీ ఎందుకు కుళ్ళిపోవటం లేదు? ఈ ప్రశ్న వెయ్యవలసిందే. ఇజ్రాయెల్ దేశంలో నారింజ జాతి పండ్ల ఎగుమతి పెద్ద వ్యాపారం. అక్కడ వోల్కానీ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసే ఎడో చలుట్జ్ గారూ, అమెరికా వ్యవసాయశాఖకి చెందిన చార్లెస్ విల్సన్ గారూ కలిసి 1980 తర్వాతి సంవత్సరాలలో ఈ సంగతి పరిశీలించారు. కడిగి, ఆరబెట్టి నిలవచేసిన పండ్లు కడగని పండ్లకంటే త్వరగా కుళ్ళుతున్నాయని గమనించారు. పోయినదేమిటో చూద్దామని పండ్లు కడిగిన నీళ్ళని సూక్ష్మజీవులు పెరిగే పళ్ళెంలో పోశారు. చిక్కటి నీళ్ళు పోసిన పళ్ళెంలో ఈస్టులూ, బాక్టీరియాలూ మాత్రమే పెరిగాయి. అవే నీళ్ళని బాగా పల్చన చేసి పోస్తే అప్పుడు బూజు లేచింది! అంటే బూజు విత్తనాలు మొదటి నుంచీ ఆ నీళ్ళలో ఉన్నాయి. ఈస్టులు గుంపుగా ఉన్నంతసేపూ వాటిని తలెత్తనివ్వలేదన్నమాట.

ఈస్టు అంటే మనకి బేకరీ రొట్టె గుర్తుకొస్తుంది. అది మనుషులు పెంచి పోషించే రకం. ఎవరూ పెంచకుండా ఆకుల మీదా, పువ్వుల మీదా, పండ్ల తొక్కల మీదా బతికే అడవి రకాలు ఇంకా చాలా ఉన్నాయి. కల్లు మాట రేడియోలో ఎందుకంటారేమో గాని, తాటిచెట్టుకి కట్టిన కుండలో తియ్యటి నీరా తెల్లవారేసరికి నురగలు కక్కుతుందంటే అందులో ఈస్టు ఎవరు కలిపారు? ఎవరూ కలపలేదు. చెట్టు మీదా, గాలిలోనూ, కుండ గోడకీ ఉన్నదే. ద్రాక్షపండు మీద తెల్లగా పొడి అద్దినట్టుండే పొరని చూసి అదే ఈస్టు అనుకుంటారు కొందరు. కాదు, అది పండు తనంతట తాను పట్టించుకునే మైనం. ఈస్టులు దాన్ని పట్టుకుని ఉంటాయి, అంతే.

ఇంతకీ ఈ కాపలా ఎట్లా జరుగుతుంది? చాలా మటుకు ఆకలి సంగతే. పండు మీద గీత పడగానే అక్కడ తీపిరసం ఊరుతుంది. ఈస్టుకి వేళ్ళు దించే పని లేదు, తాను రసంలో పడీ పడగానే మొగ్గ తొడిగినట్టు రెండు, రెండు నాలుగు అవుతుంది. కొద్ది గంటల్లో గాయం నిండా పరుచుకుని ఉన్న చక్కెరంతా తినేస్తుంది. బూజు విత్తనం నిద్రలేచి చూసుకునేసరికి ఇల్లంతా అద్దెకి పోయింది, వంటింట్లో గింజ లేదు. కొన్ని ఈస్టులు బూజు దారాలకి అతుక్కుని వాటి గోడల్ని కరిగిస్తాయని కూడా సూక్ష్మదర్శినిలో చూశారు. మెట్ష్నికోవియా అనే జాతి మరీ గడుసుది. అది తన చుట్టూ ఉన్న ఇనుమునంతా ఒక పదార్థంతో బంధించేస్తుంది, అక్కడ ఎర్రటి రంగు తేలుతుంది. ఇనుము అందక బూజు విత్తనం మొలకెత్తలేదు. రక్తహీనత మనకే కాదు, బూజుకి కూడా ఉందన్నమాట!

ఇది తెలిశాక మందుగా చెయ్యాలన్న ఆలోచన రాక మానదు. నిలవచేసే పండ్లకి పట్టించే రసాయన మందులకి బూజులు అలవాటుపడిపోతున్నాయి. పైగా మందు నిలిచేది తొక్కలో. మనం నిమ్మకాయని తొక్కతోసహా ఊరగాయ పెట్టుకుతినే వాళ్ళం, అంచేత ఇది మనకి పట్టని విషయం కాదు. కాండిడా ఓలియోఫిలా అనే ఈస్టుతో చేసిన "ఆస్పైర్" 1995లో అమెరికాలో అమ్మకానికి అనుమతి పొందింది. పండ్లని పెట్టెల్లో సర్దే షెడ్లలో దీన్ని నీళ్ళలో కలిపి పట్టించేవారు. అది ఎక్కువకాలం నిలవలేదు. బూజు వేరు దించాక ఈస్టు వచ్చి చెయ్యగలిగింది లేదు, ముందే ఉండాలి. ప్రాణమున్న సరుకు గనుక చెడకుండా దాచటమూ కష్టమే. తర్వాత ఇజ్రాయెల్‌లోనే ద్రాక్షపండ్ల మీద దొరికిన మెట్ష్నికోవియా ఫ్రక్టికోలా అనే కొత్తరకానికి 2001లో పేరు పెట్టారు. దానితో చేసిన "షెమెర్" అనే మందుని ద్రాక్షకీ, స్ట్రాబెర్రీకీ, చిలగడదుంపకీ వాడారు. మన వంటసోడాలాంటిది కాస్త తోడైతే కొన్ని ఈస్టులు ఇంకా బాగా పనిచేస్తాయని కూడా తేలింది.

పండు కుళ్ళితే పారేస్తాం, పదిరూపాయలు పోతాయి. కాని ప్రాణం తీసే బూజులున్నాయి. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజుపట్టిన మొక్కజొన్న తిని కామెర్లతో వందమందికి పైగా చనిపోయారు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు వెళ్ళి పరిశీలించి, అది ఆస్పర్జిల్లస్ అనే బూజు తయారుచేసే అఫ్లటాక్సిన్ విషమని 1975లో ప్రకటించారు. ఈ బూజే వేరుశెనగకీ పడుతుంది, రాయలసీమ రైతుకి ఇది పెద్ద బెడద. వేయించినా ఉడికించినా ఆ విషం పూర్తిగా పోదు. కాలిఫోర్నియాలో పిస్తా తోటల్లో ఈ బూజు మీద పిచియా అనామలా అనే ఈస్టుని చల్లి చూశారు, బూజు బాగా తగ్గింది. ఆ ఈస్టు వదిలే ఆవిరిలో ముఖ్యమైనది ఏమిటనుకున్నారు? మన పన్నీరుకి సువాసననిచ్చే పదార్థాలలో ఒకటి! గులాబీ వాసనే ఆ బూజుకి గిట్టలేదు.

ఇంత విన్నారు కదా అని బేకరీ ఈస్టు తెచ్చి పండ్ల మీద చల్లకండి. అన్ని ఈస్టులూ మనకి చుట్టాలు కావు. నీరు తగిలిన ఊరగాయ మీద తెల్లటి పొర కట్టేది తరచు ఈస్టే. కొన్ని రకాలు ఆస్పత్రుల్లో నీరసించిన పసిపిల్లలకి జబ్బు కూడా తెచ్చిపెట్టాయి. అందుకే మందుకి ఎంచేటప్పుడు మనిషి ఒంటి వేడిలో పెరగని రకాలకే మొగ్గు చూపుతారు.

మనం ఇంట్లో చెయ్యగలిగింది వేరే ఉంది. పండ్లని వచ్చినవి వచ్చినట్టు పొడిగా ఉంచండి, తినబోయే ముందు మాత్రం బాగా కడగండి, పురుగుమందుల రోజులాయె. నిలవపెట్టే పండుకి తడి కూడా చెరుపే. ద్రాక్షని గుత్తితోనే ఉంచి, చితికిన పండ్లని కత్తెరతో తొడిమ దగ్గర తుంచెయ్యండి, లాగితే అక్కడే గాయమవుతుంది. బుట్టలో ఒకటి చెడితే వెంటనే తీసి, దానికి ఆనుకుని ఉన్నవాటిని ఆ పూటే వాడేసుకోండి. వేరుశెనగపప్పు కొన్నప్పుడు మాత్రం జాలి చూపకండి. ముడతపడినవీ, రంగు మారినవీ చేటలో ఏరి పారెయ్యండి. నోట్లో చేదు తగిలితే ఉమ్మెయ్యమని పిల్లలకి కూడా చెప్పండి.